బంగారపు వేట కాలం మీద పిల్లల కథ రాయదలచినవారికి

పర్లాకిమిడిలో పెరిగే పిల్లలకు గోల్డ్ రష్, అంటే బంగారం దొరికిందన్న కబురు విని జనం ఎగబడిన బంగారపు వేట, అనగానే సినిమాల్లో చూసిన టోపీలూ గుర్రాలూ తప్ప మరేమీ తోచదు. అదే ‘రంగం పోయాడు’ అంటే ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు, ఎందుకంటే శ్రీకాకుళం, గంజాం ప్రాంతాలలో ముత్తాతల కాలంలో రంగూన్‌కు కూలికి ఓడెక్కినవారి సంగతులు చాలా ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓడెక్కినవాడు ఎందుకు ఎక్కాడు, ఇంట్లో ఎవరు మిగిలారు, ఉత్తరం ఎన్నాళ్ళకు వచ్చింది అన్న ప్రశ్నలే బంగారపు వేట కథకూ పునాది. అందువల్ల వెళ్ళిన తండ్రి కోసం ఎదురుచూసే అమ్మాయితోనో, ఆయన వెంట నడిచిన పిల్లవాడితోనో కథ మొదలుపెట్టి, బంగారాన్ని తరువాత రానివ్వడం మేలని నా అభిప్రాయం.

ముందుగా ఒక చోటు, ఒక సంవత్సరం నిర్ణయించుకోవాలి. కాలిఫోర్నియాలో జేమ్స్ మార్షల్ అనే వడ్రంగి కోత మిల్లు కాలువలో బంగారపు పలుకులు చూసింది 1848 జనవరి 24న; దూరదేశాల నుంచి జనం వెల్లువలా వచ్చిపడింది మాత్రం 1849లో. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఈ వేట 1851లో మొదలైంది. కెనడాలోని క్లాండైక్‌లో 1896 ఆగస్టులో బంగారం దొరికితే, ఆ కబురు బయటి లోకానికి గట్టిగా తెలియడానికి దాదాపు ఏడాది పట్టింది. మన దేశంలోనే కథ నడపదలచితే, 1880 ప్రాంతంలో లండన్‌లో షేర్లు అమ్మి కొద్ది ఏళ్ళకే కుప్పకూలిన వయనాడు బంగారు గనుల కంపెనీలు ఒకవైపు, 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా నూరేళ్ళకు పైగా నడిచిన కోలారు గనులు మరొకవైపు ఉన్నాయి. కోలారులో తమిళులతోపాటు తెలుగువారూ పనిచేశారు గనుక మన పిల్లలకు అది దగ్గరి దారి. అయితే అక్కడ ఎవరి అదృష్టాన్ని వారు తవ్వుకోలేదు, కంపెనీ గనిలోకి కూలికి దిగారు. కాలిఫోర్నియా కథకు పేర్లు మార్చి కోలారులో పెడితే అది అతకదు.

చోటు కుదిరాక, ఆ పని మీ చేతులకు తెలియాలి. కంసాలి కొట్టు ఊడ్చిన మట్టిని కొనుక్కుపోయి, నీళ్ళలో కడిగి, అందులో చిక్కుకున్న బంగారపు రజనును తీసేవారిని తెలుగులో జలగడుగువారు అన్నారు. కాలిఫోర్నియా ఏటి ఒడ్డున పళ్ళెం పట్టుకొని కూర్చున్నవాడు చేసిందీ ఆ పనే. నేను కథ రాయడానికి ముందు మహేంద్రతనయ నది ఒడ్డుకు ఒక లోతు తక్కువ ఇనుప పళ్ళెం తీసుకువెళ్ళి, రెండు గుప్పిళ్ళ ఇసుకలో వలకు కట్టే చిన్న సీసపు గుళ్ళు నాలుగు కలిపి కడిగి చూశాను. పళ్ళేన్ని నీళ్ళలో ముంచి, గుండ్రంగా తిప్పుతూ, ముందు అంచును కొద్దిగా వంచితే తేలిక ఇసుక నీటితోపాటు జారిపోతుంది. అడుగున నల్లటి ఇసుక గీతలా మిగులుతుంది. సీసం దానికంటే వెనుక, కదలకుండా కూర్చుంటుంది. బంగారం అదే కొలత ఇసుకకంటే దాదాపు ఏడు రెట్లు బరువు కాబట్టి సీసంకంటే కూడా మొండిగా అడుగునే ఉంటుంది. పది నిమిషాలకే నా నడుము పట్టేసింది, వేళ్ళ చివరలు ముడతలు పడ్డాయి, కంగారులో ఒక గుండు ఏటిపాలైంది. మంచు కరిగి పారే నీళ్ళలో పొద్దుటినుంచి చీకటి పడేదాకా ఇదే పని చేసిన మనిషి సాయంత్రం ఇంట్లో ఎలా మాట్లాడతాడో ఆ తరువాతే నాకు తెలిసింది. పళ్ళెంకంటే ఎక్కువ మట్టి కడగడానికి వాడిన చెక్కపెట్టెను అక్కడివారు కూడా ఊయల అనే పిలిచారు: ఒకరు మట్టి, నీళ్ళు పోయాలి, ఇంకొకరు ఊపాలి. కథలో పిల్లవాడి చేతికి పని కావాలంటే ఆ ఊపే పని ఉండనే ఉంది.

అంకెలను పిల్లల కొలతల్లోకి మార్చి చెప్పండి. క్లాండైక్ దారిలో కెనడా సరిహద్దు పోలీసులు ఒక్కొక్కరికి ఏడాది తిండి ఉంటేగాని కనుమ దాటనివ్వలేదు. సామాన్లతో కలిపి అది సుమారు 900 కిలోలు. మన ఇళ్ళకు వచ్చే 25 కిలోల బియ్యం బస్తా లెక్కన మోస్తే అదే మంచుకొండను 36 సార్లు ఎక్కాలి, చివరిసారి తప్ప ఎక్కిన ప్రతిసారీ వట్టి చేతులతో దిగిరావాలి. ఈ లెక్కను పిల్లవాడే బొగ్గుతో పలక మీద వేస్తున్నట్లు రాస్తే ఒక అధ్యాయం దానంతట అదే నడుస్తుంది. సుమారు లక్షమంది బయలుదేరితే బంగారం కళ్ళజూసినవారు కొద్ది వేలేనన్న సంగతి కూడా ముగింపు రాసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఆ నేల ఎవరిదన్న ప్రశ్నను దాటవేయకూడదు. మా బడుల్లో ఇక్కడి కొండల మూలవాసులైన సవరల పిల్లలు పక్క బల్లమీదే కూర్చుంటారు గనుక ఆ ప్రశ్న ఎలాగూ వస్తుంది. 1848లో కాలిఫోర్నియాలో సుమారు లక్షన్నర ఉన్న మూలవాసులు 1870 నాటికి దాదాపు 30,000 మందికి తగ్గిపోయారు. 1850లో పరాయిదేశపు తవ్వకందార్ల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేశారు. పదేళ్ళ పిల్లలకు హత్యలు వర్ణించనక్కరలేదు. నిన్నటిదాకా చేపలు పట్టుకున్న ఏరు బురదగా మారినప్పుడు ఒడ్డున నిలబడి చూస్తున్న మరో పిల్లను చూపి, ఆమెకు ఒక పేరు, ఒక మాట ఇవ్వండి.

సంభాషణల విషయంలో ఒక్క మాట. ‘స్వర్ణమును కనుగొంటిని’ అనే పిల్లవాడు ఏ దేశంలోనూ లేడు. కథలోని మనిషి మన ప్రాంతంవాడైతే ‘నాన్నా, గిన్నడుగున ఏటో మెరుస్తంది, సూడు’ అనిపించండి. కాలిఫోర్నియావాడైతే ఏ జిల్లా యాసా లేని వాడుక తెలుగు చాలు.

రాసినదాన్ని అచ్చుకు ముందు పిల్లలకు బిగ్గరగా చదివి వినిపించండి. నా కోలారు కథ 1895లో జరుగుతుంది; అందులో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి వచ్చిన కరెంటుతో వీధి దీపాలు వెలిగించాను. ఏడో తరగతి చదివే అమ్మాయి మర్నాడు వచ్చి, ఆ కరెంటు కోలారుకు చేరింది 1902లో కదండీ అని అడిగింది. అప్పటినుంచి దీపం, చెప్పులు, నాణెం, అగ్గిపెట్టె, ఉత్తరం అని పక్కన ఒక కాగితం మీద రాసుకొని ప్రతిదానికీ ఏడాది సరిచూస్తున్నాను. వీధి దీపం తీసేసి కిరసనాయిలు బుడ్డి పెట్టాక, అది ఆరిపోకుండా చేయి అడ్డం పెట్టుకొని తండ్రి కోసం గని గేటుదాకా నడిచే పిల్లవాడు దొరికాడు. మొదటి ప్రతిలో అతను ఇంట్లో నిద్రపోతూ ఉండేవాడు.