అంబాసిడర్ వెనుక బ్రేకులు పట్టేస్తే: సమస్య - పరిష్కారం

నెలల తరబడి షెడ్డులో నిలిపి ఉంచిన అంబాసిడర్‌ను బయటికి తీయబోతే వెనుక చక్రం కదలకపోవడం, లేదా పది కిలోమీటర్లు తిరిగి వచ్చాక వెనుక డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే ఇనుప బ్రేకు గిన్నె) చేయి పెట్టలేనంత వేడెక్కి మాడు వాసన రావడం, ఈ రెండూ బ్రేకు పట్టేసిందనడానికి గుర్తులే గాని రెండింటికీ కారణం ఒకటే కానక్కరలేదు. చాలామంది వెంటనే సుత్తి అందుకుంటారు. నేనూ అలాగే ఒక డ్రమ్ము అంచు పగలగొట్టుకున్నాను. పోత ఇనుము దెబ్బకు వంగదు, పగులుతుంది.

ముందుగా బండిని చదునైన చోట నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద ఆనించాలి. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే గేరులో ఉన్న బండి చక్రం తిరగకపోతే దాన్ని బ్రేకు దోషమని పొరబడే అవకాశం ఉంది.

ఇప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలి, కేబుల్ చివర పిన్ను తీసి చూడాలి. చక్రం అప్పుడు తిరిగితే దోషం కేబుల్‌లోనే ఉంది: తొడుగులోకి నీరు చేరి తీగ తుప్పు పట్టి, లివరు వెనక్కి రావడం లేదన్నమాట. కేబుల్ మార్చడమే మేలు. నూనె పోసి లాగితే వదులైనట్టే ఉండి, వానాకాలంలో మళ్లీ పట్టేస్తుంది.

అప్పటికీ తిరగకపోతే బ్లీడింగ్ నిపుల్‌ను, అంటే చక్రం వెనుక బ్రేకు ఆయిల్ గొట్టాల్లోని గాలి తీసే చిన్న మరను, పావు చుట్టు వదులు చేయాలి. బ్రేకు ఆయిల్ చివ్వున చిమ్మి చక్రం వదిలితే, లోపల ఒత్తిడి నిలిచిపోయిందని అర్థం. వెనుక రెండు చక్రాలూ అలాగే వదిలితే, ఇరుసుకు వెళ్లే హోస్ పైపును అనుమానించాలి. పైకి బాగానే కనిపించే ఆ గొట్టం లోపల ఉబ్బి మూసుకుపోవడంతో, పెడల్ తొక్కినప్పుడు వెళ్లిన ఆయిల్ తిరిగి రాలేదు. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన బండి కనుక ఎంత కొత్త అంబాసిడర్‌కైనా పదేళ్లు దాటాయి; ఎప్పుడు వేశారో తెలియని హోస్‌ను పరీక్షిస్తూ కూర్చోవడం కంటే మార్చేయడం సులువు. నాలుగు చక్రాలూ పట్టేస్తే మాత్రం మాస్టర్ సిలిండరు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే ప్రధాన సిలిండరు) దగ్గర పెడల్‌కు కొద్దిపాటి ఖాళీ కదలిక ఉందో లేదో చూడాలి.

నిపుల్ తెరిచినా మార్పు లేకపోతే డ్రమ్ము విప్పక తప్పదు. డ్రమ్ముకూ లోపలి బ్రేకు షూలకూ మధ్య ఖాళీని సరిచేసే అడ్జస్టరును పూర్తిగా వదులు చేసి, హబ్బు చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచి, మర్నాడు కొయ్య సుత్తితో డ్రమ్మును తిప్పుతూ చుట్టూ మెల్లగా తట్టాలి. షూల మీద ఉండి డ్రమ్ముకు రాసుకునే లైనింగు పాతదైతే అందులో ఆస్బెస్టాస్ (పీలిస్తే హాని చేసే నార ఖనిజం) ఉండవచ్చు కాబట్టి లోపలి ధూళిని ఊదకుండా, గాలి పైపు పెట్టకుండా, తడిగుడ్డతో తుడవాలి.

లైనింగ్ డ్రమ్ముకు అతుక్కుపోయి ఉంటే డ్రమ్ము లోపలి తుప్పును ఎమరీ కాగితంతో రుద్దితే చాలు. అది కాకపోతే అసలు పని వీల్ సిలిండరు (ఆయిల్ ఒత్తిడితో షూలను డ్రమ్ము వైపు నెట్టే చిన్న సిలిండరు) దగ్గర ఉంటుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడల వంటి తేమ ఊళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోరాదు. ఆ నీరు పిస్టన్ చుట్టూ గోధుమరంగు జిగురుగానో తుప్పుగానో కనిపిస్తుంది. పిస్టన్ బయటికి తీసి, సిలిండరు లోపలి గోడను వేలి గోటితో తడమాలి: నున్నగా ఉంటే రబ్బరు కప్పులు మార్చి బిగించవచ్చు, గోరు గుంటలో ఆగితే కొత్త సిలిండరే వేయాలి. కప్పులను పెట్రోలుతోగాని కిరోసిన్‌తోగాని కడగరాదు, అవి ఉబ్బిపోతాయి. శుభ్రమైన బ్రేకు ఆయిలే వాడాలి. ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు విప్పకపోతే, స్ప్రింగులు ఏ రంధ్రంలో ఉన్నాయో చూసుకోవడానికి నమూనా మిగులుతుంది.

అంతా బిగించాక మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి బ్రేకు ఆయిల్‌లో చేరిన గాలిని నిపుల్ ద్వారా తీసి, చక్రం పట్టేదాకా అడ్జస్టరు బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వదలాలి. మళ్లీ చాలాకాలం నిలపవలసివస్తే హ్యాండ్ బ్రేకు లాగకుండా, గేరులో ఉంచి చక్రాలకు దిమ్మెలు పెట్టాలి.