చీకట్లో ఒక చేత టార్చి, ఇంకో చేత పిస్టల్: ఎలా పట్టుకోవాలి?

అమెరికాలో ఇంటి రక్షణకని పిస్టల్ కొనుక్కున్న మనవాళ్లు నాకు చాలామందే తెలుసు. దాంతోపాటు మంచి టార్చి కొన్నవాళ్లు మాత్రం తక్కువ. రాత్రి రెండింటికి వంటింట్లో చప్పుడైతే, వచ్చింది దొంగో, ఇండియా నుంచి వచ్చి జెట్‌లాగ్‌తో నిద్రపట్టక కాఫీ కలుపుకుంటున్న అత్తగారో చీకట్లో ఎలా తెలుస్తుంది? పిస్టల్‌కే బిగించే లైట్లున్నాయి కదా అంటారు. దాంతో చూడాలంటే తుపాకీ మూతి కూడా అటే తిరుగుతుంది, అంటే అత్తగారి మీదికి! అందుకే విడి టార్చి.

ముందుగా పిస్టల్ ఖాళీ చేయండి. మ్యాగజైన్ (తూటాల అర) తీసి, స్లైడ్ (పైన జారే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్‌ని (పేలే ముందు తూటా ఉండే గదిని) కళ్లతో చూసి వేలితో తడిమి చూడండి. తూటాలు వేరే గదిలో పెట్టండి. సాధన అంతా ఇలాగే.

టార్చి అరచేతిలో ఇమిడేదై, బటన్ తోక దగ్గర ఉండాలి. నొక్కితే వెలగాలి, వదిలితే ఆరాలి. కత్తి పోటుకి ఎత్తినట్టు పిడికిట్లో పట్టుకుంటే బొటనవేలు సరిగ్గా బటన్ మీద పడుతుంది, వెలుగు చిటికెన వేలి వైపు నుంచి వస్తుంది.

ఇక వెతకడం. పిస్టల్ మూతి కిందికి, వేలు ట్రిగ్గర్ బయట. ఒక చెయ్యి బిగిస్తే రెండో చెయ్యి కూడా తెలియకుండానే బిగుస్తుంది. బటన్ నొక్కబోయి ట్రిగ్గర్ నొక్కేసే ప్రమాదం అక్కడే ఉంది. వెలుగుని తెల్లటి సీలింగ్ మీద కొట్టండి. గదంతా పరుచుకుని, ఎవరి మీదా తుపాకీ గురిపెట్టకుండానే మొహం గుర్తుపట్టొచ్చు. చూశాక ఆర్పి, రెండడుగులు పక్కకి జరగండి.

కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది మెడ పద్ధతి. టార్చి పిడికిలిని చెవి కింద, దవడకి ఆనించండి. తల ఎటు తిరిగితే వెలుగూ అటే. వెలుగు పిస్టల్ వెనక భాగం మీద పడి కళ్లు చెదిరిస్తే పిడికిలిని కాస్త పైకో కిందికో జరపండి.

రెండోది 1970లలో మైకేల్ హ్యారీస్ రూపొందించిన పద్ధతి. ఇందులో వరుస ముఖ్యం. ముందు పిస్టల్ చెయ్యి చాచాలి, ఆ తర్వాతే టార్చి చెయ్యి దాని మణికట్టు కిందుగా వెళ్లాలి. తొందరపడి ముందు నుంచి తెస్తే మీ చెయ్యే తుపాకీ మూతికి అడ్డం వస్తుంది. రెండు చేతుల వెనక భాగాల్నీ ఒకదానికొకటి గట్టిగా అదమండి. గురి కుదురుగా ఉంటుంది గానీ కాసేపటికే చేతులు లాగుతాయి.

ఎఫ్‌బీఐ పేరుతో చెప్పే పద్ధతిలో టార్చిని ఒంటికి దూరంగా, పక్కకి ఎత్తి పట్టుకుంటారు. వెలుగుని చూసి కాల్చేవాడి గురి మన మీద పడకూడదని. కానీ కాల్పు ఒంటి చేత్తోనే కాబట్టి మొదట్లో వద్దు.

నిజంగా చప్పుడైతే ఇల్లంతా గాలించబోకండి. గది తలుపేసుకుని అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయడమే మేలు. పిల్లల గదికి వెళ్లక తప్పనప్పటికే ఇదంతా. తూటాలతో సాధన షూటింగ్ రేంజ్‌లో, శిక్షకుడి పక్కనే.

ఒక రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, పిస్టల్ లేకుండా ఉత్త టార్చితో ఇల్లంతా తిరిగి చూడండి. మా ఇంట్లో పూజగది అద్దం తలుపు మీద పడిన వెలుగు తిరిగి నా కళ్లలోనే కొట్టింది. ఇప్పుడక్కడికి రాగానే టార్చి దానంతటదే కిందికి దిగుతుంది.