పాత లేడీస్ పాకెట్ వాచ్ కొంటున్నారా, ముందు డయల్ చూడండి

1880 తర్వాత స్విట్జర్లాండ్‌లో తయారైన, డయల్ మీద పువ్వులు గీసిన చిన్న లేడీస్ పాకెట్ వాచ్ కంటపడితే వెంటనే డబ్బులు తీయకండి. 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెట్టి ఆ పువ్వుల్ని చూడండి: చేత్తో వేసిందైతే కుంచె జాడ తెలుస్తుంది, రంగు ఒకచోట చిక్కగా ఇంకోచోట పల్చగా ఉంటుంది, ఏ రెండు రేకులూ అచ్చం ఒకేలా ఉండవు. సన్నటి చుక్కలు వరసగా కనిపిస్తే అది అచ్చు వేసిందే.

ఇలాంటి డయల్స్ ఎక్కువగా ఎనామిల్‌వే. ఎనామిల్ అంటే రాగి రేకు మీద గాజు పొడి చల్లి సుమారు 800 డిగ్రీల వేడిలో కరిగించింది, అంటే గాజే. అందుకే వెంట్రుకంత పగుళ్లు మామూలు, వాటికి టెన్షన్ పడక్కర్లేదు. నేను భయపడేది రంగు పూసి కప్పేసిన పెచ్చులకే. టార్చి ఏటవాలుగా వేస్తే అక్కడ మెరుపు ఉండదు. అలాంటి డయల్‌ని తడిగుడ్డతో అస్సలు తుడవకండి, పూసిన రంగు ఊడొస్తుంది.

వెనక మూత లోపల ఎలుగుబంటి ముద్ర ఉంటే 875 వెండి (వెయ్యి పాళ్లలో 875 పాళ్లు వెండి), ఉడుత ఉంటే 14 క్యారెట్ల బంగారం. లోపలి రెండో మూత మీద ‘మెటల్’ అని ఉంటే మాత్రం ఆ మూత వరకు మామూలు లోహమే.

టైమ్ మార్చడానికి కీ (వాచ్ పైన ఉండే తిప్పే గుండీ) పైకి లాగకండి. చాలావాటికి పక్కన చిన్న పిన్ను ఉంటుంది, దాన్ని గోటితో నొక్కి పట్టుకుని కీ తిప్పాలి.