డిప్లొమా తరవాత సిమెంటు ప్లాంటులో ఏడాది: అప్రెంటిస్‌గా చేరే నల్లగొండ, పాలమూరు విద్యార్థులకు

పాలిటెక్నిక్ చదువులో భాగంగా చేసే ఇండస్ట్రియల్ ట్రైనింగ్ వేరు, డిప్లొమా చేతికొచ్చాక చేసే ఏడాది అప్రెంటిస్‌షిప్ వేరు. మొదటిది మార్కుల కోసం కాలేజీ పంపేది. రెండోది 1961 అప్రెంటిస్ చట్టం కింద కంపెనీతో మీరే సంతకం చేసే ఒప్పందం. ఒకసారి చేసినవాళ్లను మళ్లీ తీసుకోరు. పాసయ్యాక ఏడాదో, అంతకంటే ఎక్కువో ఉద్యోగం చేసినవాళ్లనూ తీసుకోరు. కాబట్టి ఊరికి దగ్గరని, దోస్తు పోతున్నాడని మొదట దొరికిన గేటులోకి వెళ్లిపోకండి. ఆ పన్నెండు నెలలు ఏ యంత్రాల మధ్య గడుస్తాయో చూసుకొని వెళ్లండి.

మన జిల్లాల్లో చోట్లకు కొదవ లేదు. కృష్ణ ఒడ్డున సున్నపురాయి నేల ఉంది కాబట్టి వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ప్లాంట్లు వచ్చాయి. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటి యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. జల విద్యుత్తుకు నాగార్జునసాగర్, 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్న శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం, 39 మెగావాట్లవి ఆరున్న జూరాల. చౌటుప్పల్ చుట్టుపక్కల, జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు.

కెమికల్, ఫార్మసీ వాళ్లకు జడ్చర్ల వైపే సరి. ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లకు మాత్రం మా సలహా సిమెంటు ప్లాంటే. జల విద్యుత్ కేంద్రంలో రిలేలు, ప్రొటెక్షన్ (లోపం వస్తే కరెంటు తీసి యంత్రాన్ని కాపాడే ఏర్పాట్లు) బాగా వస్తాయి గానీ యంత్రం చెడిపోయేది తక్కువ. ఊడదీసి బిగించే అవకాశమూ అంతే తక్కువ. సిమెంటు ప్లాంటులో ఒకటిన్నర కిలోవాట్ మోటారు నుంచి మెగావాట్లలో ఉండే మిల్లు డ్రైవ్ దాకా ఒకే ప్రహరీలో కనపడతాయి. దుమ్ము, వేడి ఎక్కువ కాబట్టి రోజూ ఏదో ఒకటి ఆగుతుంది. నేర్చుకునేవాడికి కావలసింది అదే.

కాయిదాల పని

డిప్లొమా, డిగ్రీ వాళ్లు నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో నమోదు కావాలి. ఐటీఐ వాళ్ల పోర్టల్ వేరు, అప్రెంటిస్‌షిప్ ఇండియా. తెలంగాణకు నాట్స్ వ్యవహారాలు చూసేది చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు. నమోదు చేశాక వచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరును పుస్తకంలో రాసి పెట్టుకోండి. కంపెనీ అడిగేది దాన్నే.

ఇక్కడ ఎక్కువమంది ఇరుక్కునేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. మూడూ ఒక్కలాగే లేకపోతే దరఖాస్తు ఆగుతుంది, లేదా స్టైపెండ్ ఆగుతుంది. మెమోను ప్రమాణంగా పెట్టుకొని ఆధార్ మార్పించండి, తరవాత బ్యాంకులో మార్పించండి. చేరడానికి నెల ముందే ఈ పని మొదలుపెట్టాలి.

రెండో చిక్కు ఖాతా. స్టైపెండ్‌లో కేంద్రం వాటా ఆధార్‌కు ముడిపడిన ఖాతాలోకే వస్తుంది. మీకు రెండు మూడు ఖాతాలుంటే ఏది ముడిపడి ఉందో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. ఎప్పుడో స్కాలర్‌షిప్ కోసం తెరిచి వదిలేసిన ఖాతాలో డబ్బు పడుతూ ఉంటే, రాలేదని మీరు ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు. 2025 జనవరి 1న ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఊళ్లో ఆ బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లు పాత పాస్‌బుక్ మీది ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ వేయకుండా కొత్తది తీసుకోండి.

2019లో మార్చిన నిబంధనల్లో నెలకు కనీస స్టైపెండ్ ఐటీఐకి 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000 రూపాయలు. చేరే రోజున అమల్లో ఉన్న మొత్తం ఒప్పందంలో రాసి ఉందో లేదో చూడండి. ఒక నెలది మరుసటి నెల 10వ తేదీలోపు ఇవ్వాలి. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ట్రేడ్ పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ చదవండి. ఒక కాపీ అడిగి తీసుకోండి. అప్రెంటిస్‌ను చట్టం కార్మికుడిగా లెక్కించదు, శిక్షణార్థిగానే చూస్తుంది. అయినా కార్మికులకున్న ఆరోగ్య, భద్రత నియమాలు మీకూ వర్తిస్తాయి. పనిలో గాయమైతే పరిహారం యాజమాన్యం బాధ్యత. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. ఇంట్లో అమ్మానాన్నలకు ఈ చివరి మాట ముందే చెప్పండి.

అర్ర, నీళ్లు, తిండి

వాడపల్లి వైపు చేరేవాళ్లకు మిర్యాలగూడలో అర్రలు దొరుకుతాయి. నల్లగొండ నుంచి గుంటూరు పోయే రైలు మార్గంలో మిర్యాలగూడ, విష్ణుపురం స్టేషన్లు ఉన్నాయి. అయితే షిఫ్టులకు రైలును నమ్ముకోకండి. కంపెనీ బస్సు ఏ షిఫ్టుకు ఏ స్టాపులో ఆగుతుందో కనుక్కున్నాకే కిరాయి మాట్లాడండి. సాధారణంగా 'ఏ' (A) షిఫ్టు పొద్దున 6 నుంచి 2, బీ షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సీ షిఫ్టు 10 నుంచి 6. బీ షిఫ్టు దిగాక ఇంటికి ఎట్లా చేరతారన్నదే అసలు ప్రశ్న.

నల్లగొండ నేలలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. అర్రలో బోరు నీళ్లుంటే స్నానానికే వాడండి, తాగేవి వేరే తెచ్చుకోండి. ఎండాకాలంలో ప్రీహీటర్ (రాతిపొడిని వేడిచేసే ఎత్తైన టవర్) కింద పనిచేసేవాళ్లు రెండు లీటర్ల సీసా వెంట పెట్టుకోవాలి. పొద్దున తినకుండా 'ఏ' (A) షిఫ్టుకు పోవద్దు. సద్ది కట్టుకున్నా సరే, కడుపులో ఏదో ఒకటి పడాలి. ఖాళీ కడుపుతో వంద మెట్లు ఎక్కితే కళ్లు తిరుగుతాయి, పైన రెయిలింగ్ పక్కన కళ్లు తిరగకూడదు.

మొదటి వారం: పైలంగా ఉండటం నేర్చుకోవాలి

సేఫ్టీ ఇండక్షన్ అయ్యాక హెల్మెట్, బూట్లు, కళ్లద్దాలు, మాస్కు ఇస్తారు. బూట్లు సరైన సైజు కాకపోతే ఆ రోజే మార్పించుకోండి. యాదగిరిగుట్టలోనో, జాతరలోనో కట్టించుకున్న చేతిదారాలు, కడియాలు గేటు దగ్గరే తీసి జేబులో పెట్టుకోండి. ఆడపిల్లలు చున్నీ వేసుకోకూడదు, జడ హెల్మెట్ లోపలికి పోవాలి. భక్తికి, అలవాటుకు అడ్డుచెప్పడం కాదిది. తిరుగుతున్న షాఫ్టుకు దారం కొస అందితే చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు.

బెల్ట్ కన్వేయర్ చూడటానికి నెమ్మదిగా పోతున్నట్టే ఉంటుంది, అందుకే అందరూ దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. బెల్టు పుల్లీ మీదికి ఎక్కే చోట, ముఖ్యంగా టెయిల్ పుల్లీ దగ్గర, పేరుకున్న మట్టిని నడుస్తుండగా గీకబోయి చేతులు పోగొట్టుకుంటారు. బెల్టు పక్కన నడిచేటప్పుడు పుల్‌కార్డ్ తాడు ఎటు ఉందో ముందు చూసుకోండి. దాన్ని లాగితే బెల్టు ఆగుతుంది. జీరో స్పీడ్ స్విచ్, బెల్ట్ స్వే స్విచ్ ఏవో అదే రోజు అడిగి గుర్తుపట్టండి. మొదటిది బెల్టు జారినా తెగినా ఆపుతుంది, రెండోది పక్కకు జరిగితే ఆపుతుంది.

ఏ యంత్రం మీద చెయ్యి వేయాలన్నా క్రమం ఇది. కంట్రోల్ రూముకు చెప్పి పర్మిట్ తీసుకోవాలి. ఎంసీసీలో (మోటార్లకు కరెంటు ఇచ్చే ప్యానెళ్ల గది) ఆ యంత్రానికి కరెంటు ఇచ్చే ఫీడర్‌ను ఆపి, మీ సొంత తాళం వేసి, ట్యాగ్ కట్టి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోవాలి. తరవాత యంత్రం దగ్గరికి వచ్చి స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. తిరగకపోతేనే పని మొదలు. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. పక్క పక్క ఫీడర్ల నంబర్లు ఒక్క అంకె తేడాతో ఉంటాయి. తప్పు ఫీడర్‌కు తాళం వేసిన సంగతి ఆ బటన్ నొక్కితేనే బయటపడుతుంది. కరెంటు తీసినా యంత్రంలో బలం మిగిలే ఉంటుంది. ఏటవాలు బెల్టు వెనక్కి జారవచ్చు, గాలి సిలిండర్‌లో ఒత్తిడి నిలిచి ఉండవచ్చు. అవీ వదిలించాలి. మీ ఐదుగురు పని చేస్తుంటే ఐదు తాళాలు ఉండాలి. "మా తాళం ఉంది కదా తమ్ముడూ" అని ఫిట్టర్ అన్న అన్నా, మర్యాదగా మీదీ వేయండి.

ప్రీహీటర్ గురించి ఒక్క మాట. అడుగు సైక్లోన్‌లో (వేడిగాలి నుంచి పొడిని విడదీసే పాత్ర) పొడి 850 డిగ్రీల పైన ఉంటుంది, నీళ్లలా పారుతుంది. సైక్లోన్ జామ్ అయి పొడుస్తున్నారని వినపడితే కింది అంతస్తుల్లో ఎవరూ ఉండకూడదు. చూద్దామని పోవద్దు. హైటెన్షన్ ప్యానెళ్ల దగ్గరా అంతే. ఏడాది పొడుగునా చూడండి, ముట్టుకోకండి.

యంత్రాన్ని చదవడం

మొదటి రెండు నెలలు పొడి పోయే దారి వెంట నడవండి: క్రషర్, రా మిల్లు, ప్రీహీటర్, కిల్న్ (తిరిగే పెద్ద కొలిమి), కూలర్, సిమెంట్ మిల్లు, ప్యాకింగ్. కిల్న్‌లో పదార్థం 1,450 డిగ్రీల దాకా కాలి క్లింకర్ అవుతుంది. ఈ వరస తలలో లేకపోతే, ఒకచోట ఆగిన మోటారు ఇంకోచోట దేన్ని ఆపుతుందో అర్థం కాదు.

తరవాత నేమ్‌ప్లేట్లు. 415 వోల్టుల మోటారుకు కిలోవాట్లను సుమారు 1.8తో గుణిస్తే పూర్తి లోడు ఆంపియర్లు వస్తాయి. 55 కిలోవాట్లయితే దాదాపు 99. ప్లేటు మీద 1,480 ఆర్పీఎం ఉంటే అది నాలుగు పోల్ మోటారు. బేరింగ్ నంబరులో చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది: 6312 అయితే 60, 22222 అయితే 110. చివర 04 నుంచి పైకి ఉన్నవాటికే ఈ లెక్క. బేరింగ్ ఎక్కించేటప్పుడు ఇండక్షన్ హీటర్ మీద 110 డిగ్రీల దాకా వేడిచేస్తారు, 120 దాటనివ్వరు. గ్యాస్ మంట పెడితే ఒకవైపే కాలి ఉక్కు గట్టిదనం పోతుంది, నాలుగు రోజులకే అది మళ్లీ కూస్తుంది.

మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో మెగోమ్‌లలో కొలిచే పరికరం) పట్టడం ఎలక్ట్రికల్ వాళ్లు మొదటి మూడు నెలల్లోనే నేర్చుకోవాలి. 415 వోల్టుల మోటారుకు 500 వోల్టుల మెగ్గర్ చాలు. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) ఉంటే ముందు దాని కేబుల్ విప్పాలి, లేకపోతే డ్రైవ్ లోపలి భాగాలు కాలిపోతాయి. ఒక నిమిషం పట్టి రీడింగ్ రాయాలి, తరవాత వైండింగ్‌ను ఎర్త్‌కు తాకించి డిశ్చార్జ్ చేయాలి. ఒక మెగోమ్ కంటే తక్కువుంటే ఆ మోటారును నడపరు. అయితే ఒక్క రీడింగ్ చూసి తృప్తి పడకండి. పోయిన నెల 200 ఉన్నది ఈ నెల 20 అయితే, ఇంకా నడుస్తుందన్నమాట నిజమే గానీ లోపల తేమో దుమ్మో చేరింది. వానాకాలం ఇది ఎక్కువ.

బ్యాగ్ ఫిల్టర్ (గాలిలోని దుమ్మును సంచులతో పట్టేది) మాత్రం మీరు సొంతంగా పట్టు సాధించగల యంత్రం. చిన్నది, ప్లాంటులో పదులకొద్దీ ఉంటాయి, పెద్దవాళ్లు వాటిని పట్టించుకునే తీరిక తక్కువ. దాని ముందు నిలబడి చెవి పెట్టండి. గాలి కొట్టే వాల్వులు వరసగా ఠప్, ఠప్ అంటూ పోవాలి. ఎనిమిదింటిలో ఐదోదాని చప్పుడు లేకపోతే కాయిల్ పోయింది. ఆగకుండా బుస్సుమంటుంటే డయాఫ్రమ్ (వాల్వు లోపలి పొర) చిరిగింది. సంచులకు ఇటూ అటూ గాలి ఒత్తిడి తేడా నీటిమట్టం లెక్కలో 150 మిల్లీమీటర్లు దాటితే సంచులు మూసుకుపోతున్నాయి. ఆ తేడా ఉన్నట్టుండి బాగా పడిపోయి చిమ్నీ నుంచి దుమ్ము వస్తుంటే సంచి చిరిగింది. సంచులు తడిసి ముద్దలైతే తప్పు సంచిది కాదు, కంప్రెసర్ గాలిలో నీరుంది. డ్రైయర్, డ్రెయిన్ వాల్వు చూడండి. పది ఫిల్టర్లకు మూడు నెలలు ఈ లెక్క రాస్తే ఏడాది చివరి రిపోర్టుకు అదే సరుకు. ఇంటర్నెట్‌లోంచి తెచ్చి అతికించిన సిమెంటు తయారీ కథ ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకు కూడా నిలవదు.

డైరీ

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. ఎడమ పేజీలో తేదీ, యంత్రం ట్యాగ్ నంబరు, ఏం జరిగింది, ఏం చూశారు, ఏం మార్చారు, ఎంతసేపు ఆగింది. కుడి పేజీలో బొమ్మ. షిఫ్టు దిగాక, బస్సు ఎక్కకముందే రాయండి. రేపు రాద్దామనుకుంటే నంబర్లు పోతాయి, కథ మిగులుతుంది. కథతో పని లేదు. పెన్సిల్ వద్దు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ వేయండి, దిద్ది మసిచేయకండి. మందుల కంపెనీల్లో రికార్డులు రాసే పద్ధతి ఇదే, జడ్చర్ల వైపు ఉద్యోగానికి వెళ్లినా అక్కరకొస్తుంది. నెలకోసారి మీ ఇంజినీరు సార్ సంతకం తీసుకోండి. ఫొటోలు అనుమతి లేకుండా తీయకండి. మూడు నెలలకోసారి పోర్టల్‌లో నమోదయ్యే ప్రగతి నివేదికకూ ఈ డైరీయే ఆధారం.

షట్‌డౌన్

సిమెంటు అమ్మకం తగ్గే వానాకాలంలో చాలా ప్లాంట్లు కిల్న్ ఆపి లోపలి ఇటుక మారుస్తాయి. ఆ రెండు మూడు వారాల్లో చూసింది మిగతా ఏడాదిలో చూడలేరు: విప్పిన గేర్‌బాక్స్, తెరిచిన మిల్లు, నిలబడి చూడగల కిల్న్ లోపలి భాగం. సెలవులు అప్పుడు పెట్టుకోకండి, బోనాలకు ఒక్క రోజు సరిపెట్టుకోండి. లోపలికి దిగాలంటే విడి పర్మిట్, ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గలేదని కొలిచిన కాయిదం, 24 వోల్టుల హ్యాండ్ ల్యాంపు, బయట ఒక మనిషి కావాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా దిగనని చెప్పే హక్కు మీకుంది.

పని నేర్పకపోతే

కొన్నిచోట్ల అప్రెంటిస్‌ను స్టోర్ రిజిస్టర్ రాయడానికో, చాయ్ తేవడానికో, తక్కువ ఖర్చు కూలీగానో వాడుకుంటారు. నెలకు మించి ఇలా సాగితే మొదట షిఫ్ట్ ఇన్‌చార్జ్ సార్‌కు, తరవాత ట్రైనింగ్ విభాగానికి ఏ విభాగం ఎన్ని వారాలో రాసిన రొటేషన్ పట్టిక ఇమ్మని ఈమెయిల్‌లో అడగండి. నోటి మాటకు రుజువు ఉండదు. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) అనుమతి లేకుండా మీతో ఓవర్‌టైం చేయించకూడదు. కంపెనీ తన తప్పువల్ల ఒప్పందం నెరవేర్చలేకపోతే చివరగా తీసుకున్న లెక్కన మూడు నెలల స్టైపెండ్ పరిహారంగా ఇవ్వాలి. మీరు మధ్యలో చెప్పకుండా మానేస్తే శిక్షణ ఖర్చు మీ మీద పడవచ్చు. కాబట్టి అలిగి ఇంటికి పోవద్దు, రాతపూర్వకంగా పోరాడండి. లైన్‌లో నేర్పేది ఎక్కువగా సీనియర్ ఫిట్టర్లే. వాళ్లను అన్నా, కాకా అని పిలిచి, పానా అందించి, పని అయ్యాక ప్రశ్న అడగండి. పని మధ్యలో అడిగితే విసుక్కుంటారు, అందులో తప్పు లేదు.

ఆఖరి నెల

పదకొండో నెలలోనే రిపోర్టు పూర్తిచేసి, అందులో బయటపెట్టకూడని అంకెలేమైనా ఉన్నాయేమో ఇంజినీరు సార్‌కు చూపించండి. నో డ్యూస్ కాయిదం మీద స్టోర్స్, క్యాంటీన్, సేఫ్టీ సంతకాలకు వారం పడుతుంది. ప్రావీణ్య ధ్రువపత్రం బోర్డు ఇస్తుంది గానీ వివరాలు వెళ్లేది కంపెనీ లాగిన్ నుంచే. పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందా, బ్రాంచి సరిగా పడిందా, తేదీలు పూర్తి ఏడాది చూపుతున్నాయా అని ఆ తెర మీదే చూసి ఒప్పుకోండి. గేటు దాటాక ఒక్క అక్షరం మార్పించాలన్నా మళ్లీ అక్కడికే రావాలి, అప్పటికి ఆ సీట్లో మనిషి మారిపోయి ఉంటాడు.