వ్రొత్స్వాఫ్ గ్వువ్నీ స్టేషన్: కొత్తగా దిగేవారికి సూచనలు

పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్‌కు చదువుకోసమో ఉద్యోగంకోసమో వచ్చేవారు ముందుగా ఆ ఊరి పేరు పలికే తీరు తెలుసుకోవాలి. అక్షరాలను ఇంగ్లిష్ పద్ధతిలో చదివి ‘రోక్లా’ అనుకునేవారికి, రైల్లో ‘వ్రొత్స్వాఫ్ గ్వువ్నీ’ అన్న ప్రకటన వినిపించినా దిగవలసిన చోటు అదేనని తట్టదు. ‘గ్వువ్నీ’ అంటే ప్రధానమైనది అని అర్థం. ఊరి పేరుతోనే మొదలయ్యే చిన్న స్టేషన్లు నగరంలో మరికొన్ని ఉన్నాయి కనుక టికెట్టుపై ఈ రెండో మాట ఉందో లేదో చూసుకోవాలి.

1842లో ఈ నగరంనుంచి ఒవావా పట్టణం వరకు మొదలైన మార్గమే నేటి పోలండ్ భూభాగంలో తొలి రైలుమార్గం. అప్పట్లో ఈ నగరం ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో ఉండేది, పేరు బ్రెస్లావ్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1945లో పోలండ్‌కు దక్కింది. కోటను తలపించే ఇప్పటి స్టేషన్ భవనాన్ని విల్‌హెల్మ్ గ్రాపో రూపకల్పనతో 1855-57 మధ్య కట్టారు. 2012 యూరో ఫుట్‌బాల్ పోటీలకు ముందు బాగుచేసినప్పుడు దానికి వేసిన నారింజ రంగు దూరంనుంచే కనిపిస్తుంది. మొదట్లో రైళ్లు ఈ పెద్ద హాలులోకే వచ్చేవి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో పట్టాలను దక్షిణంగా, ఎత్తుమీదికి మార్చడంతో అది ప్రయాణికుల హాలుగా మిగిలింది. అందుకే ఇప్పుడు హాలు దాటి సొరంగంలో నడిచి, మెట్లెక్కితే గాని రైలు కనబడదు. పెట్టెలతో వచ్చేవారు ఆ నడకకు తగినంత సమయం ఉంచుకోవాలి.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది టికెట్టు దగ్గర. ఒకే దిశలో పీకేపీ ఇంటర్‌సిటీ, పోల్‌రెగియో, కొలేయె దోల్నోష్లోన్స్కియె వంటి వేర్వేరు సంస్థల రైళ్లు నడుస్తాయి. ఒకదాని టికెట్టుతో మరొకదాన్ని ఎక్కవచ్చునని అనుకోకూడదు. గోడమీది పసుపు కాగితం బయలుదేరే రైళ్లది, తెల్లది వచ్చే రైళ్లది. వాటిలో ‘పెరోన్’ అంటే ప్లాట్‌ఫాం, ‘తోర్’ అంటే దాని పక్కనున్న పట్టా. ఈ రెండింటికీ అంకెలు వేరు. పోలండ్ విశ్వవిద్యాలయం ఇచ్చిన విద్యార్థి కార్డు ఉండి, 26 ఏళ్లు నిండనివారికి టికెట్టులో 51 శాతం రాయితీ ఉంటుంది. టికెట్టు తనిఖీకి వచ్చినప్పుడు కార్డు చూపాలి.

కదిలే రైలు వెంట పరుగెత్తే అలవాటు మనవాళ్లలో కొందరికి ఉంది. దాన్ని ఇంటిదగ్గరే వదిలి రావడం మంచిది. ప్రసిద్ధ నటుడు జ్బిగ్నెఫ్ సిబుల్స్కి 1967 జనవరి 8న ఇదే స్టేషన్‌లో కదులుతున్న రైలెక్కబోయి, 39 ఏళ్లకే ప్రాణం పోగొట్టుకున్నాడు. మూడో ప్లాట్‌ఫాంమీద ఆయన స్మారక ఫలకం ఉంది.

స్టేషన్‌కు రెండు వైపులా ద్వారాలున్నాయి. ఉత్తరాన పివ్సూద్స్కి వీధి. దక్షిణాన సుహా వీధి, దానిమీద వ్రొత్స్లావియా మాల్, ఆ మాల్ కిందే దూరప్రాంతాల బస్‌స్టాండు. అందువల్ల ఎవరైనా ‘స్టేషన్ ముందు ఉంటాను’ అంటే ఏ వీధి వైపో అడిగి తెలుసుకోవాలి.