‘అంతా ఒకటే’ అని ఎవరైనా అంటే ఏం చేయాలి: ఒక రివైండింగ్ షాపు పద్ధతి

“అంతా ఒకటే శక్తి అప్పా.” ఈ మాట మా షాపులో వారానికి ఒక్కసారైనా వినపడుతుంది. అనంతపురంలో గుత్తి రోడ్డు మీద నాది మోటార్ రివైండింగ్ షాపు. వోల్టేజీ పడిపోయి కాలిన బోరు మోటార్లు తెచ్చిన రైతులు పని అయ్యేదాకా బెంచీ మీద కూర్చుంటారు. మాట వానతో మొదలై దేవుడి దగ్గర తేలుతుంది. నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివి, ఉద్యోగం రాక రాగి తీగల్లో పడినవాణ్ణి. నాకు ఆ కబుర్లు ఇష్టమే.

ఆరేళ్ల కిందట ఒకాయన వచ్చాడు. విశ్వంలో ఉన్నది ఒకటే బలమనీ, కరెంటు, అయస్కాంతం, భూమి ఆకర్షణ అన్నీ దాని వేషాలేననీ గంటసేపు చెప్పాడు. చెప్పి, ఆ బలాన్ని పట్టి కరెంటు బిల్లు సగం చేస్తుందని ఒక పెట్టె 6,000 రూపాయలకు అంటగట్టాడు. విప్పి చూస్తే లోపల ఒక కెపాసిటరు, ఒక ఎర్ర బల్బు. డబ్బు పోయినందుకు కాదు గానీ, ఒక సంగతి నన్ను చాలా రోజులు తినేసింది. ఆయన చెప్పిన మొదటి అరగంట పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు జీవితాంతం కన్న కలే. మరి ఆ కలకూ ఈ పెట్టెకూ తేడా ఎట్లా కనిపెట్టాలి? మా అక్క కూతురు డిగ్రీలో సెమినారుకి ‘బలాల ఏకీకరణ’ తీసుకుని, “మామా, ఎక్కడ మొదలుపెట్టాలి?” అని అడిగినప్పుడు ఆమెకు చెప్పిన పద్ధతే ఇది.

సామాను తక్కువ. ఒక దిక్సూచి, ఒక సెల్లు, మూరెడు వైరు, కాయిల్ చుట్టడానికి సన్నటి వైండింగ్ వైరు, ఓ మోస్తరు అయస్కాంతం, ముల్లు తిరిగే పాత మల్టీమీటరు, ఒక గుండుసూది, ఒక లాంగ్ నోటుబుక్కు.

ముందు మాటలు సరిచేసుకోండి. మనం శక్తి, బలం అని ఏది పడితే అది వాడేస్తాం. మీటరులో తిరిగే యూనిట్లు శక్తి. లాగేది, నెట్టేది బలం. ఇక్కడ మాట్లాడేది రెండోదాని గురించి. ఇప్పటికి తెలిసిన మూల బలాలు నాలుగు: గురుత్వం, విద్యుదయస్కాంతం, పరమాణు కేంద్రకాన్ని పట్టి ఉంచే ప్రబల బలం, కొన్ని రకాల రేడియోధార్మికతకు కారణమైన దుర్బల బలం. నోటుబుక్కులో నాలుగు అడ్డ వరసలు గీసి ఈ పేర్లు రాయండి. నిలువు గళ్లు తర్వాత.

ఇప్పుడు దిక్సూచి ముల్లు మీదుగా, ముల్లుకు సమాంతరంగా వైరు పెట్టి, సెల్లుకు ఒక్క క్షణం తగిలించండి. ఎక్కువసేపు ఉంచితే సెల్లు వేడెక్కుతుంది. ముల్లు పక్కకు తిరుగుతుంది. 1820లో కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓయర్‌స్టెడ్ చూసింది ఇదే. ఆయన దీనికోసం ఏళ్ల తరబడి ఎందుకు వెతికాడో అది కూడా రాసుకోండి. ప్రకృతి బలాలన్నిటికీ మూలం ఒకటేనన్న జర్మన్ తత్వవేత్త షెల్లింగ్ ఆలోచనల ప్రభావం ఆయన మీద ఉంది. అంటే తత్వం ఆయనకు ఎటు చూడాలో చెప్పింది. ముల్లును తిప్పింది మాత్రం కరెంటే.

తర్వాతి ప్రయోగం దగ్గర తొందరపడొద్దు. నేను దీని మీద ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. సన్నటి వైండింగ్ వైరు రెండు వందల చుట్లు చుట్టి, కొసల వార్నిష్ గీకి, మల్టీమీటరును అతి తక్కువ మిల్లీ ఆంపియర్ల రేంజిలో పెట్టి తగిలించండి. కాయిల్‌ను కదలనీకుండా అయస్కాంతాన్ని లోపలికి తోయండి. ముల్లు కొట్టుకుంటుంది. ఇప్పుడు అయస్కాంతాన్ని కదలనీకుండా, కాయిల్‌ను అదే వేగంతో దాని మీదికి తోయండి. ముల్లు అంతే కొట్టుకుంటుంది. ఇందులో ఏముంది అనిపిస్తుంది కదా? కానీ పాత లెక్కలో ఈ రెంటికీ రెండు కారణాలు చెప్పేవాళ్లు. అయస్కాంతం కదిలితే చుట్టూ విద్యుత్ క్షేత్రం పుడుతుందనీ, కాయిల్ కదిలితే అలాంటి క్షేత్రమేదీ లేదు, తీగలోని విద్యుత్ ఆవేశాలను అయస్కాంత బలం తోస్తుందనీ. కారణాలు రెండు, ముల్లు కదలిక మాత్రం ఒకటే. 1905లో ఐన్‌స్టైన్ తన సాపేక్షతా పత్రాన్ని మొదలుపెట్టింది కాంతితో కాదు, ఈ కాయిల్, ఈ అయస్కాంతంతోనే. ఏది విద్యుత్తు, ఏది అయస్కాంతం అన్నది చూసేవాడి కదలికను బట్టి మారుతుందని తేల్చాడు. ‘ఒకటే’ అన్న మాటకు నాకు తెలిసి ఇంతకన్నా గట్టి అర్థం లేదు. రెండూ చుట్టాలు కావడం కాదు, ఒకే మనిషిని రెండు వైపుల నుంచి చూడడం.

ఇప్పుడు నిలువు గళ్లు గీయండి. మూడు చాలు.

మొదటి గడి: కలపడం వల్ల విడిగా కొలవాల్సిన పని ఏ సంఖ్యకు తప్పింది? విద్యుత్తునూ అయస్కాంతాన్నీ ఒకే లెక్కలో కలిపిన శాస్త్రవేత్త మాక్స్‌వెల్ దగ్గర జవాబు అదిరిపోతుంది. విద్యుత్తు, అయస్కాంతాల కొలతలతోనే జర్మన్ శాస్త్రవేత్తలు వెబర్, కోల్‌రౌష్ 1856లో ఒక వేగాన్ని రాబట్టారు. సెకనుకు సుమారు 3,10,000 కిలోమీటర్లు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫిజో పళ్ల చక్రం తిప్పి కాంతి వేగాన్ని విడిగా కొలిస్తే సుమారు 3,15,000 వచ్చింది. ఒకరు కాంతి వైపే చూడలేదు, ఇంకొకరు కరెంటు ముట్టుకోలేదు. అయినా రెండూ దాదాపు ఒకే దగ్గర ఆగాయి. కాంతి విద్యుదయస్కాంత తరంగమని మాక్స్‌వెల్ 1865 పత్రంలో అన్నది ఈ ధైర్యంతోనే.

రెండో గడి: ఇంతవరకు ఎవరూ చూడనిది ఏం చూపిస్తానంటోంది? మూడో గడి: ఏం కనబడితే, లేదా ఏం కనబడకపోతే, తప్పని ఒప్పుకుంటుంది? పెట్టె అమ్మినాయన మాటలు ఈ గడుల్లో రాయబోతే మూడూ ఖాళీగా మిగిలాయి.

విద్యుదయస్కాంతం, దుర్బల బలాల కలయికను ఇదే పట్టికలో పెట్టి చూడండి. గ్లాషో, సలామ్, వైన్‌బర్గ్‌లకు 1979 నోబెల్ దీనికే వచ్చింది. రెండో గడి నిండుగా ఉంటుంది. వాళ్ల సిద్ధాంతానికి కావలసిన, దుర్బల బలాన్ని మోసే డబ్ల్యూ, జడ్ కణాలు 1983లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో దొరికాయి. ప్రోటాన్ కన్నా డబ్ల్యూ సుమారు 86 రెట్లు, జడ్ సుమారు 97 రెట్లు బరువు. మొదటి గడి దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇందులో బలం ఎంతో చెప్పే సంఖ్యలు ఇంకా రెండున్నాయి. అవి ఏ పాళ్లలో కలుస్తాయో చెప్పే కోణాన్ని ప్రయోగంతోనే కొలవాలి, సిద్ధాంతం ఇవ్వదు. మార్గరెట్ మారిసన్ అనే తత్వవేత్త ఎత్తి చూపింది ఇదే: ఇక్కడ కలయిక ఉంది, కానీ రెండు ఒకటైపోలేదు. మా అక్క కూతురికి అర్థం కాకపోతే ఇట్లా చెప్పాను. ఉమ్మడి కుటుంబమే, ఇల్లూ ఒకటే, వాకిలీ ఒకటే, కానీ పొయ్యిలు రెండు. “అయితే మన ఇల్లే మామా” అంది.

మూడో గడి విలువ తెలియాలంటే కోలార్ బంగారు గనులకు పోవాలి. మా చిన్న మామ అక్కడ పనిచేసేవాడు. భూమి లోపల బంగారం కాకుండా ఇంకేదో వెతికే సార్లు ఉన్నారని ఆయన చెబితే మేం నమ్మలేదు. ప్రబల బలాన్ని కూడా కలిపే సిద్ధాంతాన్ని 1974లో జార్జై, గ్లాషో ప్రతిపాదించారు. అది నిజమైతే ప్రోటాన్ శాశ్వతం కాదు, ఎప్పుడో ఒకప్పుడు విడిపోవాలి. దాన్ని పట్టుకోవడానికి కోలార్‌లో 2.3 కిలోమీటర్ల లోతున, ఇనుప పలకలతో 140 టన్నుల యంత్రాన్ని పెట్టి 1980లో పని మొదలుపెట్టారు. అంత లోతు ఎందుకంటే, ఆకాశం నుంచి పడే కణాల గోల పైన రాయి ఆపాలి. అనుమానించదగ్గ ఘటనలు కొన్ని కనిపించాయన్నారు, వేరే చోట్ల నిర్ధారణ కాలేదు. జపాన్‌లో 50,000 టన్నుల నీటి తొట్టిలో ఏళ్లపాటు చూసినా ఒక్క ప్రోటానూ విడిపోలేదు. 1974 నాటి సాదా రూపం పోయింది. ఎంత సొగసైన లెక్కో అది! అయినా పోయింది. ఆ గడిలో నేను ఎర్ర పెన్నుతో ‘గౌరవంగా ఓడింది’ అని రాసుకున్నాను.

గురుత్వం వరసకు గుండుసూది చాలు. బల్ల మీద సూదిని చిన్న అయస్కాంతం లేపుతుంది. కింద భూమి మొత్తం లాగుతున్నా ఆపలేదు. రెండు ప్రోటాన్ల మధ్య విద్యుత్ బలం గురుత్వం కన్నా సుమారు 1 పక్కన 36 సున్నాలు పెట్టినన్ని రెట్లు ఎక్కువ. ఇంత తేడా ఉన్నవాటిని ఒకే కొమ్మకు కట్టడం కష్టం. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫారడే 1849లో కాయిళ్లు కింద పడేసి, పడేటప్పుడు కరెంటు పుడుతుందేమో చూశాడు. పుట్టలేదు. ఫలితం సున్నా అనే రాశాడు, గురుత్వానికీ విద్యుత్తుకూ సంబంధం ఉందన్న తన గట్టి భావన మాత్రం చెదరలేదనీ, దానికి రుజువు లేదనీ పక్కనే రాశాడు. మీ నోటుబుక్కులో కూడా ఇట్లాంటి నమ్మకాలకు వెనక పేజీ ఒకటి వదలండి. అద్వైతమూ భౌతికశాస్త్రమూ ఒకటే అనేవాళ్ల మాటా అక్కడే రాయండి. అద్వైతానికి అవమానమేం కాదు, అది సమాధానం చెప్పే ప్రశ్న వేరు.

అదే పేజీలో ఎదురు మాటకూ చోటివ్వండి. నాన్సీ కార్ట్‌రైట్ అనే తత్వవేత్త ప్రకృతి నియమాలు ఒకే గుడ్డ కాకపోవచ్చు అంటుంది. పాత చీరలు కుట్టిన బొంతలాగా ఒక్కో ముక్క ఒక్కో చోట పనిచేస్తుందని నేను అర్థం చేసుకున్నాను. గాలికి ఎగిరే కరెన్సీ నోటు ఎక్కడ పడుతుందో యాంత్రికశాస్త్రం చెప్పగలదా అని ఆమె అడుగుతుంది. మా షాపు బిల్లు పుస్తకం చిరిగిన రోజున ఆ ప్రశ్న నాకు బాగానే అర్థమైంది. ఆమెతో పూర్తిగా ఒప్పుకోను, ఎందుకంటే కాయిల్, అయస్కాంతం నేను చూశాను. కానీ బొంత కాదని రుజువు చేయమంటే నా దగ్గర లేదు.

సెమినారు ముందు రోజు మా అక్క కూతురు నోటుబుక్కు చూపించింది. గురుత్వం వరసలో మూడు గడులూ పెన్సిల్‌తోనే నింపింది. “పెన్నుతో రాయలేదేం?” అంటే, “పెన్సిల్ చాలు మామా” అని రబ్బరు జేబులో వేసుకుంది.