ప్రింటుకు పంపిన ఫైలు ఎక్కడ ఆగింది? కమాండ్ లైన్‌లో కనుక్కునే తీరు

కాగితం రాకపోతే చాలామంది అదే ఫైలును మళ్లీ పంపుతారు. దయచేసి ఆ పని చేయకండి. అడ్డు తొలగిన మరుక్షణం మీరు పంపినన్ని ప్రతులూ వరుసగా వచ్చి పడతాయి. ముందు ఆ ప్రింటు పని (జాబ్) ఎక్కడ నిలిచిందో చూడాలి. లినక్స్, మాక్‌ఓఎస్‌లలో ప్రింటింగ్‌ను నడిపేది కప్స్. దాన్ని అడిగి స్థితి చెప్పే కమాండ్ ఎల్‌పీస్టాట్. కింది కమాండ్లను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి.

సమస్య: పని క్యూలో (ప్రింటర్ ముందున్న పనుల వరుసలో) ఉంది, కదలడం లేదు

‘ఎల్‌పీస్టాట్ -ఓ’ ఇస్తే మిగిలి ఉన్న పనులు కనిపిస్తాయి: పని గుర్తు, పంపినవారు, బైట్లలో పరిమాణం, సమయం. ప్రింటర్ పేరు ‘లేజర్’ అయితే పని గుర్తు లేజర్-42 లాగా ఉంటుంది.

కారణం: ‘ఎల్‌పీస్టాట్ -పీ’ ఇచ్చి చూడండి. ‘డిసేబుల్డ్’ అని వస్తే ఆగింది క్యూ. డేటా పంపడంలో లోపం వచ్చినప్పుడు, ఎర్రర్ పాలసీ (లోపం వస్తే ఏం చేయాలో చెప్పే అమరిక) ‘స్టాప్-ప్రింటర్’గా ఉంటే, కప్స్ తానే క్యూను ఆపేస్తుంది. ఆ తర్వాత కేబుల్ సరిచేసినా, ప్రింటర్‌ను ఆపి మళ్లీ వేసినా క్యూ దానంతట అది తెరుచుకోదు. ఎక్కువమంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

పరిష్కారం: ముందుగా అదనపు ప్రతులను ‘క్యాన్సిల్ లేజర్-43’ అంటూ ఒక్కొక్కటిగా తీసేయండి. ఆ తర్వాతే, అడ్మిన్ హక్కులతో, ‘కప్స్‌ఎనేబుల్ లేజర్’. ఈ వరుస తప్పితే కాగితం వృథా. ఇదే ఇబ్బంది పదేపదే వస్తుంటే, క్యూ ఆగకుండా పనిని మళ్లీ ప్రయత్నించేలా పాలసీని మార్చడం మేలు: ‘ఎల్‌పీఅడ్మిన్ -పీ లేజర్ -ఓ ప్రింటర్-ఎర్రర్-పాలసీ=రిట్రై-జాబ్’.

సమస్య: పని క్యూలోకే వెళ్లడం లేదు

‘ఎల్‌పీస్టాట్ -ఏ’లో ‘నాట్ యాక్సెప్టింగ్’ అని ఉంటే ‘కప్స్‌యాక్సెప్ట్ లేజర్’ ఇవ్వాలి. దీన్ని పై సమస్యతో కలపకండి: ఇది పనులు లోపలికి వచ్చే తలుపు, అది బయటికి వెళ్లే తలుపు. అసలు జవాబే రాకపోతే ‘ఎల్‌పీస్టాట్ -ఆర్’తో షెడ్యూలర్ (కప్స్‌లో పనులను నడిపించే ప్రోగ్రామ్) నడుస్తోందో లేదో చూడండి.

సమస్య: క్యూ ఖాళీ, కాగితమూ లేదు

పని వేరే ప్రింటర్‌కు వెళ్లి ఉండవచ్చు. డిఫాల్ట్ ప్రింటర్ (ఏదీ ఎంచుకోనప్పుడు పని వెళ్లేది) ఏదో ‘ఎల్‌పీస్టాట్ -డీ’ చెబుతుంది. అది సరిగానే ఉంటే ‘ఎల్‌పీస్టాట్ -ఎల్ -డబ్ల్యూ కంప్లీటెడ్ -ఓ’ ఇవ్వండి. ఇందులో డబ్ల్యూ మాత్రం పెద్ద అక్షరం, అది -ఓ కంటే ముందే రావాలి. ‘కంప్లీటెడ్’ అనే మాటను చూసి నిశ్చింతగా ఉండకండి. రద్దయిన పనులూ, మధ్యలో విఫలమైనవీ ఈ జాబితాలోనే ఉంటాయి. వాటిని వేరుచేసి చూపేది -ఎల్ అదనంగా ఇచ్చే ‘అలర్ట్స్’ వరుస. అక్కడ విజయవంతమని ఉన్నా, డేటా ప్రింటర్‌కు అందిందనే అర్థం. కాగితం ఇరుక్కుందేమో ప్రింటర్ దగ్గరే చూడాలి.

విఫలమైందని ఉంటే ‘కప్స్‌సీటీఎల్ --డీబగ్-లాగింగ్’ ఇచ్చి, ఒక్క పేజీ పంపి, కప్స్ ఎర్రర్ లాగ్‌లో (లోపాలను నమోదు చేసే ఫైలులో) ఆ పని సంఖ్యను వెతకండి. కారణం దొరికాక ‘కప్స్‌సీటీఎల్ --నో-డీబగ్-లాగింగ్’ ఇవ్వడం మరవకండి, లేకుంటే ఆ ఫైలులో అనవసర వివరాలు నిండుతూనే ఉంటాయి.